వేడినీళ్ల ఊరిలో కొమురమ్మ

దుప్పటి నాలుగు అంచులూ పరుపు కిందికి దోపి, అరచేత్తో ముడతలు రాచి, దిండు గలీబు నోరు గోడవైపు తిప్పి పెట్టాక గానీ కొమురమ్మకు గుర్తు రాలేదు, ఇది తను సర్దవలసిన పక్క కాదని. ఇది మోటల్ గది. కాసేపట్లో పనిమనిషి వచ్చి, తను ఇంత శ్రద్ధగా పరిచినదంతా ఒక్క గుంజు గుంజి నీలం సంచీలో కుక్కేస్తుంది. ఆ సంచీ లారీ ఎక్కి, కొండలు దిగి, క్రైస్ట్‌చర్చ్ చేరుతుంది. అక్కడ రిక్కార్టన్ పేట వెనకనున్న లాండ్రీలో దాని మూతి విప్పేది కొమురమ్మే. తను పడుకున్న దుప్పటిని తనే ఉతికి, తనే ఇస్త్రీ చేసే వేడి రోలరులోకి తోసి, తనే మడిచి మళ్లీ ఈ ఊరికి పంపుతుంది. ఆ సంగతి తట్టగానే నవ్వొచ్చింది. నవ్వు పెదవి దాకా వచ్చేలోపే ఎడమ రెక్కలో కలుక్కుమంది.

అది రోలరు నొప్పి. ఆమె దానికి పెట్టుకున్న పేరు అది. తడి దుప్పట్లు ఎత్తే ఆడవాళ్లలో భుజమో నడుమో పట్టుకోని మనిషి ఆ లాండ్రీలో లేదు. ఈ మధ్య ఆ నొప్పి భుజాన్ని వదిలి దవడ దాకా పాకుతోంది. పన్ను పుచ్చిందేమోనని బుగ్గన లవంగం పెట్టుకుని తిరుగుతోంది.

ఫోను తీసి చూసింది. ఎవరూ చేయలేదు. ఫోను మోగితే ఒక భయం, మోగకపోతే ఇంకొక భయం. నిన్న ఈ ఊళ్లో బస్సు దిగినప్పటి నుంచి ఆ రెండు భయాల నడుమే కూర్చుంది. గది దాటి బయటికి పోలేదు. వెంట తెచ్చుకున్న సద్దిరొట్టె తిని, ఫోను ఒళ్లో పెట్టుకుని, కిటికీ అవతల మంచు కప్పుకున్న కొండను చూస్తూ పొద్దు పుచ్చింది. ఆ సంగతి తెలిసి లాండ్రీలో తనతో పనిచేసే గిరిజ రాత్రి ఫోనులో చీవాట్లు పెట్టింది.

"ఏంటక్కా, అంత దూరం వెళ్లి గది కాపలా కాస్తున్నావా? రేపు మధ్యాహ్నం బస్సు. ఆ నీళ్లలో కాలు పెట్టకుండా వచ్చావంటే మళ్లీ నీతో మాట్లాడను, చూసుకో."

"భయమైతుంది గిరిజా."

"నీళ్లంటేనా?"

"అన్నిటికీ."

గిరిజది గుంటూరు వైపు. నోరు పెద్దది, మనసు మెత్తన. ఈ ప్రయాణమంతా ఆమె పట్టుదలే. మొగుడు రాజేశం పడిపోయినప్పటి నుంచి కొమురమ్మ ఒక్క రోజు కూడా ఊపిరి తీసుకోలేదని, ఇట్లాగే నడిస్తే ముందు పడిపోయేది నువ్వేనని, ఇంటికొచ్చే గవర్నమెంటు నర్సమ్మతో కూడా చెప్పించింది. మనిషిని కొద్దిరోజులు, మంచాన పడ్డవాళ్లను చూసుకునే రెస్ట్ హోమ్‌లో పెట్టి, చూసుకునేవాళ్లు సేదతీరి రావడం ఈ దేశంలో మామూలేనట. కొమురమ్మకు మాత్రం అది కట్టుకున్నవాడిని పరాయివాళ్ల చేతిలో పెట్టి షికారుకు పోవడమే అనిపించింది. ఒప్పుకునేదాకా గిరిజ ఊరుకోలేదు. ఒప్పుకున్నాక కొమురమ్మ ఊరుకోలేదు. రెస్ట్ హోమ్ వాళ్లకు అన్నం ఎంత మెత్తగా ఉడకాలో, మందు ఏ ముద్దలో పెట్టాలో, పక్క మీద ఏ వైపు తిప్పాలో చెప్పి, చెప్పిందే మళ్లీ చెప్పి, ఆఖరికి మామిడికాయ తొక్కు సీసా ఒకటి రాజేశం మంచం పక్కన కిటికీ గట్టు మీద పెట్టి గానీ కదల్లేదు.

రాజేశం తందూరు దగ్గర పనిచేసిన మనిషి. హైదరాబాదు హోటల్లో అతని రొట్టె పనితనం చూసి రిక్కార్టన్ హోటలాయన పిలిపించుకున్నాడు. వెనకాలే కొమురమ్మ వచ్చింది. పిల్లలు కలగలేదు. ఒకరికొకరుగా ఇన్నేళ్లు వెళ్లదీశారు. రెండేళ్ల కిందట నిప్పుల ముందు నిలబడి రొట్టె అంటిస్తూ అంటిస్తూ అట్లాగే ఒరిగిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నాలుక మొద్దుబారింది. అప్పటి నుంచి అతని స్నానం, గడ్డం, ముద్ద అన్నీ కొమురమ్మ చేతి మీదే. ఇంకొకరు పెడితే నోరు తెరవడు. తెరవడనే ఆమె నమ్మకం.

ఆ నమ్మకమే ఆమె భయానికి వేరు. పెళ్లినాడు అమ్మలక్కలంతా నెత్తిన అక్షింతలు వేసి, పసుపు కుంకుమలతో పోవాలె బిడ్డా అని దీవించారు. కాలి మెట్టెలు కట్టె మీదికి కూడా రావాలన్నారు. అంటే మొగుడి కంటే ముందు పోవాలని. అంతకు మించిన అదృష్టం ఆడదానికి లేదని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగింది. ఇప్పుడు ఆ దీవెన తలుచుకుంటేనే గుండె దడదడలాడుతోంది. తను ముందు పోతే అతనికి ముద్ద పెట్టేదెవరు? పోనీ అతని తర్వాతే పోతానని దేవుడికి మొక్కుదామా అంటే, ఆ మాటకు అర్థం ఏమిటి? మొగుడు ముందు పోవాలని కోరుకున్నట్టే కదా. దీపం ముందు నిలబడి కూడా నోరు విప్పలేని కోరిక అది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రెండింటి మధ్య చేతులు జోడించి ఊరికే నిలబడి వచ్చేసేది.

సంచీ సర్దుకుని, గిరిజ కొనిచ్చిన నల్లటి ఈత బట్టలు తువ్వాలులో చుట్టి చంకన పెట్టుకుని బయటపడింది. చలి చెవులు కొరుకుతోంది. దారికి రెండు వైపులా ఆకాశాన్ని తాకే చెట్లు. ఎర్రటి బెరడు, పీచులు పీచులుగా. వాటి కింద నడుస్తుంటే మనిషి చీమంత అనిపిస్తుంది.

చెట్ల వెనక పాత ఆసుపత్రి కనిపించింది. వెనకటి పెద్ద యుద్ధంలో దెబ్బతిన్న సిపాయిలను ఇక్కడికి తెచ్చి వేడినీళ్లలో నానబెట్టి బాగుచేసేవారని గిరిజ చెప్పింది. ఎనిమిది మూలల చెక్క ఇల్లు, చుట్టూ కిటికీలే. ఇప్పుడు అందులో ఎవరూ లేరు. గాజుపలక మీద చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి చూసింది. ఖాళీ నేల. మంచాలు ఎక్కడెక్కడ ఉండేవో ఆమెకు తెలిసిపోయినట్టే అనిపించింది. ఒక్కో కిటికీకి ఒక్కో మంచం. ఒక్కో మంచం మీద చెయ్యో కాలో పడిపోయిన ఒక్కో రాజేశం. వాళ్లలో ఎందరు లేచి నడిచి వెళ్లారో, ఎందరు వెళ్లలేదో. వాళ్లకు ముద్ద పెట్టిందెవరో. కళ్లు తిప్పుకుని గబగబా నడిచింది. నాలుగు అడుగులకే ఆయాసం వచ్చి, చెట్టు మొదలు పట్టుకుని నిలబడింది.

కొలనుల గేటు దగ్గరికి రాకముందే వాసన ఎదురొచ్చింది. కుళ్లిన కోడిగుడ్డు వాసన. గంధకపు నీళ్ల వాసన. ఊరిని చూడకముందే ఆమెకు తెలిసిన వాసన అది. ఈ ఊరి సంచీ మూతి విప్పగానే లాండ్రీ అంతా గుప్పుమనేది. ఆడవాళ్లు ముక్కులు మూసుకునేవారు. నరకానికి పక్క ఊరక్కా ఇది అనేది గిరిజ. కొమురమ్మకు మాత్రం అప్పుడే గీసిన అగ్గిపుల్ల గుర్తుకొచ్చేది.

ఆవిర్లు కక్కుతున్న నీళ్లను చూస్తే ఆమెకు ఇంకొకటి కూడా గుర్తుకొచ్చింది. ఏనాడో ఒక మధ్యాహ్నం భూమి అదిరి క్రైస్ట్‌చర్చ్ కూలిననాడు ఆమె లాండ్రీలో ఉంది. అంతేసి బరువు మెషిన్లు కాళ్లొచ్చినట్టు నేల మీద నడిచాయి. ఈ నీళ్లను కాచేది కూడా ఆ భూమి కడుపులోని మంటే కదా. దాని పొయ్యి మీద కూర్చుని స్నానం చేస్తున్నారు వీళ్లంతా, నవ్వుకుంటూ. ఒక ముసలాయన నీళ్లలో కూర్చుని పేపరు కూడా చదువుతున్నాడు.

బట్టలు మార్చుకునే గదిలో ఒక బోర్డు ఉంది. ఇంగ్లీషు అక్షరాలు ఆమె బళ్లో నేర్చుకోలేదు. దుప్పట్ల అంచులకు కుట్టిన పేర్లు చూసి చూసి, గిరిజను అడిగి అడిగి, నడివయసు దాటాక నేర్చుకుంది. కూడబలుక్కుని చదివింది. గంధకపు కొలనులో దిగేవాళ్లు వెండి, రాగి నగలు తీసి పెట్టాలట. బుద్ధిగా చేతి వెండి ఉంగరం, నొప్పులకని వేసుకున్న రాగి కడియం తీసి, రుమాలులో కట్టి, ఫోనుతో పాటు తాళం పెట్టెలో పెట్టింది. పుస్తెలతాడు బంగారానిది, బట్ట లోపలికి దోపుకుంది. కాలి వేళ్ల మెట్టెల సంగతి ఆమెకు తట్టనే లేదు. నగ అంటే పెట్టుకునేది, తీసేది. మెట్టె అట్లా కాదు. మెట్టె కాలిగోరు లాంటిది. బూట్లు తొడుక్కున్నప్పుడు, ఒకసారి కడుపుకు ఆపరేషన్ అయినప్పుడు కూడా అది వేలి మీదే ఉంది. డాక్టర్లను పైన ప్లాస్టరు చుట్టనిచ్చింది తప్ప తీయనివ్వలేదు.

మెట్టు మీద కాలు పెట్టింది. నీళ్లు చురుక్కుమన్నాయి. గోడ పట్టుకుని, కళ్లు మూసుకుని, నడుము దాకా, ఆ తర్వాత మెడ దాకా దిగింది. భూమి అదరలేదు. భుజంలో నొప్పి కరిగిపోతున్నట్టనిపించింది. కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఒక ముసలామె తననే చూసి నవ్వుతోంది. నల్లటి మొహం, తెల్లటి జుట్టు, మోకాళ్లు రెండూ చేత్తో నిమురుకుంటోంది.

"హిందుస్తానీయా?" అంది హిందీలో.

హైదరాబాదు దగ్గరి మనిషికి హిందీ కొత్త కాదు. ఇద్దరూ ఆ భాషలోనే మాట్లాడుకున్నారు. ఆమె పేరు లక్ష్మీబాయి. ఫిజీలో పుట్టింది. ముత్తాత ఎప్పుడో చెరుకు తోటల పనికి తెలుగు నేల నుంచి ఓడెక్కినవాడట. అమ్మ, నీళ్లు, ఉప్పు, ఈ మూడు మాటలే తనకు మిగిలాయని చెప్పి పకపకా నవ్వింది. ఇక్కడ మోటల్లో గదులు సర్దే పని. ఇవాళ సెలవు.

"ఏ మోటలు?" అంది కొమురమ్మ.

పేరు చెప్పింది. కొమురమ్మ దిగిన చోటే.

"నీలం సంచీలు కట్టేది నువ్వేనా?"

"నేనే. ఏం?"

"ఓయమ్మ! ఆ రెండు మెలికల ముడి వేసేది నువ్వేనా? నీ ముడి విప్పలేక నా గోళ్లన్నీ విరిగినయి గదనే! ఎవతో రాక్షసి అని రోజూ తిట్టుకుంటుంటి."

లక్ష్మీబాయి నీళ్లు చరిచి నవ్వింది. "అయితే తువ్వాలు అంచు లోపలికి దాచి మడిచేది నువ్వా? ఆ మడత చూసినప్పుడల్లా ఎవరో మన ఆడమనిషే అని నేను అనుకునేదాన్ని. మా అమ్మ చీర అట్లాగే మడిచేది."

పేపరు చదివే ముసలాయన అద్దాల పైనుంచి ఇద్దరినీ చూశాడు. ఇద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. ఎన్నాళ్లయిందో కొమురమ్మ అట్లా నవ్వి. నవ్వు ఆగాక కూడా ఊపిరి అందక, కాసేపు గట్టు మీద కూర్చుందామని మెట్లెక్కింది.

అప్పుడు చూసుకుంది కాళ్లు.

రెండు కాళ్ల మెట్టెలూ నల్లగా ఉన్నాయి. మసి పూసినట్టు కాదు, మాడిపోయినట్టు. కట్టె కాలిన తర్వాత మిగిలే నలుపు.

కాళ్ల కింద నేల నిజంగానే అదిరినట్టయింది. రాజేశం. పొద్దున ఫోను రాలేదు. నల్లబడ్డ మెట్టెలకు ఇంకే అర్థం ఉంటుంది? తను ఇక్కడ నీళ్లలో నవ్వుతున్నప్పుడే, అక్కడ ఆ పరాయి మంచం మీద, ఎవరూ ముద్ద పెట్టని నోటితో...

వెనక నుంచి లక్ష్మీబాయి ఏదో పిలుస్తోంది. వినిపించలేదు. తడి కాళ్లతోనే జారుతూ, గోడలు పట్టుకుంటూ పెట్టె దగ్గరికి పరుగెత్తింది. తాళం రాలేదు. మళ్లీ తిప్పింది. ఫోను చేతికి వచ్చింది.

రెస్ట్ హోమ్ నుంచి ఫోను వచ్చిపోయి ఉంది. తను ఎత్తలేదు.

బల్ల మీద కూలబడింది. తిరిగి చేసింది. మోగింది, మోగింది, ఎవరూ తీయలేదు. మళ్లీ చేసింది. తీయలేదు. తీయలేదంటే అందరూ అతని గదిలోనే ఉన్నారన్నమాట. జుట్టులోంచి నీళ్లు కారి ఒళ్లో పడుతున్నాయి. చలికో దేనికో పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఏ దేవుణ్ణి తలవాలో తెలియలేదు. ఏం కోరాలో అసలే తెలియలేదు. ఉంచు, ఉంచు అని మాత్రం అంది. ఎవరిని ఉంచమని అందో ఆమెకే తెలియదు.

ఫోను మోగింది. బొమ్మ కనిపించే ఫోను. తెర మీద మనస్విని మొహం. హైదరాబాదు పిల్ల, ఇక్కడ చదువుకుంటూ రెస్ట్ హోమ్‌లో పనిచేస్తోంది.

"హాయ్ ఆంటీ! సారీ, షవర్ డ్యూటీలో ఉన్న, ఫోన్ ఎత్తలే..."

"ఎట్లున్నడు? చెప్పు బిడ్డా, ఎట్లున్నడు? నా దగ్గర దాయకు."

"అయ్యో, ఏమైంది ఆంటీ? అంకుల్ ఫుల్ జోష్‌ల ఉన్నడు. టెన్షన్ పడకండి. నేనే కాల్ చేసిన పొద్దుగాల. మీరు పెట్టిపోయిన తొక్కు సీసా మూత రావట్లే. నేను ట్రై చేసిన, మా సూపర్‌వైజర్ ట్రై చేసింది, వంటాయన కూడా ట్రై చేసిండు. ఆరడుగుల మనిషి ఆంటీ ఆయన! అంత గట్టిగ ఎట్ల మూసిన్రు?"

కొమురమ్మ తువ్వాలు లాక్కుని మొహం తుడుచుకుంది.

"ఆంటీ? వినిపిస్తుందా?"

"మూతకా ఫోను చేసింది?"

"అంకుల్ వదుల్తలేడు మరి. అదే గావాలని చూపిస్తుండు. ఆగండి, మీకొకటి చూపిస్త."

ఫోను ఊగింది. గోడ, పైకప్పు, తెర, తర్వాత రాజేశం. కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గడ్డం నున్నగా గీసి ఉంది, తను గీసే దానికంటే నున్నగా. ముందు బల్ల మీద గిన్నె. ఎడమ చేతిలో చెంచా. వణుకుతూ వణుకుతూ చెంచా గిన్నెలోకి పోయి, పైకొచ్చి, సగం గడ్డం మీద ఒలికి, సగం నోట్లోకి పోయింది. నమిలాడు. మింగాడు. మళ్లీ చెంచా ముంచాడు.

"చూసిన్రా ఆంటీ, ఓన్‌గ తింటుండు! నిన్నటి నుంచి. ఫస్ట్ అంతా కిందేసిండు, ఇప్పుడు ఓకే."

కొమురమ్మ చూస్తూ కూర్చుంది. రెండేళ్లుగా ఆ ఎడమ చేతిని ఆమె ఒక్కనాడూ గిన్నె దగ్గరికి రానివ్వలేదు. ఒలుకుతుందని, ఆలస్యమవుతుందని, లాండ్రీకి పొద్దవుతుందని, ఆకలితో ఉంటాడని. ముద్ద కలిపి నోటికి అందించడమే ఎరుగును. లోపల ఎక్కడో ఒక బరువు దిగింది. దిగినచోట చిన్న ముల్లు కూడా గుచ్చుకుంది. రెండూ ఒకేసారి.

"ఏమయ్యా," అంది, "నేను లేకుంటే మంచిగనే తింటున్నవు గదా. ఇన్నొద్దులు నన్ను ఆగం జేసినవా?"

రాజేశం తెర వైపు తిరిగాడు. పెదవి ఒకవైపే కదిలింది. అది అతని నవ్వు. నాలుక మెలిపెట్టి, కష్టపడి ఒక మాట బయటికి తోశాడు.

"నీ... ల్లు?"

"ఆఁ, దిగిన. నీళ్లల్ల దిగిన."

"వె... చ్చ?"

"వెచ్చగున్నయి. చానా వెచ్చగున్నయి. నిన్ను గూడ తీసుకరావాల్సింది."

అతను చెంచా ఉన్న చెయ్యి పైకెత్తి, బయటికి ఊపాడు. పో, పో అన్నట్టు. దిగు అన్నట్టు. మెతుకులు ఎగిరి ఫోను మీద పడ్డాయి. మనస్విని కెవ్వుమని అరిచి నవ్వింది.

"తొక్కు ఎట్ల మరి ఆంటీ? పగలగొట్టమంటరా?"

"వద్దొద్దు బిడ్డా, గాజు పెంకులు పడ్తయి. మాపటికి నేనొస్త గదా. నేనొచ్చి తీస్త. అప్పటిదాక ఆగమను."

తిరిగి కొలను దగ్గరికి వెళ్లేసరికి లక్ష్మీబాయి గట్టు మీద కూర్చుని ఎదురుచూస్తోంది.

"దయ్యాన్ని చూసినట్టు పరుగెత్తావేం?"

కొమురమ్మ కాలు చూపించింది. లక్ష్మీబాయి నుదురు కొట్టుకుంది. "బోర్డు చదవలేదా? ఈ నీళ్లు వెండిని నలుపు చేస్తాయి. అందరికీ అంతే. నా కోడలి గొలుసు కూడా ఇట్లాగే అయింది. తీసి ఇయ్యి, పళ్ల పేస్టు పెట్టి తోమి ఇస్తా."

"తీయను. ఇంటికి పోయినంక చింతపండుతోటి కాలి మీదనే తోముకుంట."

లక్ష్మీబాయి అర్థమైనట్టు తలూపింది. తన కాళ్లు నీళ్లలోంచి పైకెత్తి చూపింది. వేళ్లు బోసిగా ఉన్నాయి. "నావి మా ఊరి సముద్రంలో వేశారు, మా ఆయన పోయిననాడు. ఇప్పటికీ ఆ వేలి మీద ఏదో ఉన్నట్టే తడుముకుంటా. నువ్వు అదృష్టవంతురాలివి. వాటితోనే పోతావులే."

ఇంకొకనాడైతే కొమురమ్మ ఆ మాటకు ఉలిక్కిపడేది. వద్దమ్మా, ఆ దీవెన నాకు వద్దు అనేది. నోటి దాకా వచ్చింది కూడా. అంతలో వణుకుతున్న చెంచా, నున్నటి గడ్డం, నమిలి మింగిన గొంతు కళ్ల ముందు కదిలాయి.

"ఏమో," అంది. "ఎవరి రాత ఎట్లున్నదో."

నీళ్లలో దిగింది. ఈసారి గోడ పట్టుకోలేదు. మెడ వెనక్కి వాల్చి, చెవుల్లోకి నీళ్లు పోనిచ్చి, ఆకాశం వైపు చూసింది. ఆవిరి మధ్య ఎర్రచెట్ల కొసలు ఊగుతున్నాయి. భూమి కడుపులో మంట ఉంటే ఉండనీ. నడుము కింద ఎవరో చెయ్యి పెట్టి ఎత్తి పట్టుకున్నట్టుంది. తనను అట్లా ఎత్తి పట్టుకున్నవాళ్లు ఇంతవరకూ ఎవరూ గుర్తుకు రాలేదు.

మోటల్ నుంచి సంచీ తెచ్చుకునేటప్పుడు లక్ష్మీబాయి గేటు దాకా వచ్చింది. ఇకమీద ముడి వదులుగా వేస్తానని మాటిచ్చింది.

"వద్దు," అంది కొమురమ్మ. "గట్లనే వెయ్యి. నువ్వేసినవని తెలుస్తది."

బస్సు రావడానికి ఇంకా టైముంది. ఎర్రచెట్ల కింద బెంచీ మీద కూర్చుంది. ఎండ పలచగా, వెచ్చగా ఒళ్లో పడుతోంది. దవడ మళ్లీ లాగుతోంది. సంచీలో లవంగం కోసం వెతికింది, దొరకలేదు. పోనీలే అనుకుంది. మాపటికి రెస్ట్ హోమ్‌కు పోవాలి. మూత తీయాలి. అన్నం తను కలపకూడదు, పక్కన కూర్చుని చూడాలి. ఒలికితే ఒలకనీ. ఎల్లుండి పొద్దున లాండ్రీలో నీలం సంచీ వస్తుంది. ముడి విప్పుతూ గిరిజకు చెప్పాలి, ఇది కట్టిన రాక్షసిని నేను చూసినా అని. గిరిజ ఎట్లా నోరు తెరుస్తుందో. నవ్వొచ్చింది. చెమట కూడా పట్టింది, ఇంత చలిలో. చెప్పుల్లో కాళ్లు కొంచెం ముందుకు చాచి మెట్టెల వైపు చూసుకుంది. నలుపే గదా. ఒక నిమ్మకాయంత చింతపండు చాలు. ఒళ్లో తువ్వాలు మడత విడిపోయి ఉంది. అంచు లోపలికి దోపి, మళ్లీ సరిగ్గా మడిచి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుంది. తల చెట్టు వైపు వాలింది.

బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, నిద్రపోతోందనుకుని, మేడమ్ అని మెల్లగా పిలిచాడు. మళ్లీ పిలిచాడు. తర్వాత టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

గుండె అన్నారు డాక్టర్లు. కొన్నాళ్లుగా చెబుతూనే ఉండి ఉంటుంది అన్నారు. రిక్కార్టన్ ఆడవాళ్లు వచ్చి నిండా పసుపు రాసి, రూపాయంత కుంకుమబొట్టు పెట్టారు. పుణ్యస్త్రీ, ఎంత అదృష్టం అని ఒకామె అంటే గిరిజ కళ్లెర్రజేసి చూసింది. చింతపండు నానబెట్టి తెచ్చి, వంగి, మెట్టెలు తోముదామని చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి అట్లాగే వెనక్కి తీసుకుంది. నల్లటి మెట్టెలతోనే సాగనంపారు.

రాజేశం రెస్ట్ హోమ్‌లోనే ఉండిపోయాడు. ఎడమ చేత్తో తింటాడు. ఇప్పుడు అంత ఒలకదు. మనస్విని ఒకసారి వేడినీళ్లు పోసి సీసా మూత తీద్దామని చూసింది. అతను చెంచా కింద పెట్టి, ఆ చెయ్యి అడ్డం పెట్టాడు. వద్దు అన్నట్టు. అప్పటి నుంచి ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

కిటికీ గట్టు మీద, పొద్దున ఎండ పడేచోట, మామిడికాయ తొక్కు సీసా ఉంది. నూనె ఎర్రగా పైకి తేలి సీసా గాజు వెంట నిలిచింది. మూత మీద కారపు వేళ్ల ముద్రలు రెండు, బిగించిన చెయ్యి ఎటు తిరిగిందో అటే వంగి, ఇంకా చెరిగిపోలేదు.